ఆర్మా 4: 2027 కోసం ఎదురుచూపులు... వాస్తవాన్ని తలపించే యుద్ధ క్రీడ కథ

చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్ కేంద్రంగా పనిచేసే బొహీమియా ఇంటరాక్టివ్ సంస్థ 2022 మే నెలలో ‘ఆర్మా 4’ అనే వీడియో గేమ్‌ను ప్రకటించింది. దానిని 2027లో విడుదల చేస్తామని 2024లో వెల్లడించింది. ఈ వరుసలో ఇంతకుముందు వచ్చిన ప్రధాన భాగం ‘ఆర్మా 3’ 2013 సెప్టెంబరు 12న విడుదలైంది. చెప్పిన గడువుకే కొత్త ఆట వచ్చినా, రెండు భాగాల మధ్య సుమారు 14 ఏళ్ల విరామం ఉంటుంది.

ఆర్మా అభిమానులు ఇన్నేళ్లుగా నిరీక్షిస్తున్నది ప్రధానంగా ఒక్క గుణం కోసం. అది వాస్తవికత. తూటా గమనం నుంచి కొండల వాలు వరకు నిజ ప్రపంచాన్ని అనుకరించడమే ఈ ఆటల ప్రత్యేకత. అయితే అదే వాస్తవికత కారణంగా ఆర్మా దృశ్యాలు పలుమార్లు అసలు యుద్ధ దృశ్యాలుగా ప్రచారమయ్యాయి. భారత్‌లోని టీవీ తెరల వరకు కూడా చేరాయి. కాబట్టి ఈ ఆట ఏమిటో, ఎలా పనిచేస్తుందో తెలుసుకోవలసిన అవసరం ఆడేవారికే పరిమితం కాదు.

మిలిటరీ సిమ్యులేషన్ అంటే ఏమిటి?

తుపాకి చేతబట్టి శత్రువులను కాల్చే ఆటలు మార్కెట్లో చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం వేగం మీద ఆధారపడతాయి. గాయపడిన పాత్ర కొద్ది క్షణాలు చాటున దాగితే తిరిగి కోలుకుంటుంది. మరణించినా వెంటనే మళ్లీ రంగంలోకి దిగవచ్చు.

‘మిల్‌సిమ్’ అని ఆటగాళ్లు క్లుప్తంగా పిలుచుకునే మిలిటరీ సిమ్యులేషన్ ఇందుకు భిన్నం. ఇక్కడ ఒక్క తూటాతో ఆట ముగియవచ్చు. శత్రువు కనిపించక ముందే మైళ్ల దూరం నడవవలసి రావచ్చు. దిక్సూచి, మ్యాప్ చూసి దారి వెతుక్కోవాలి. మోసే బరువు పెరిగితే పాత్ర ఆయాసపడుతుంది, గురి చెదురుతుంది. గంటసేపు సాగిన ఆటలో కాల్పులు అయిదు నిమిషాలకు మించకపోవడం సాధారణం.

తూటా విషయంలోనూ తేడా ఉంది. అనేక ఆటల్లో మీట నొక్కగానే గురిపెట్టిన చోట తగిలినట్లు లెక్క. ఆర్మాలో తూటా ఒక భౌతిక వస్తువుగా ప్రయాణిస్తుంది. గురుత్వాకర్షణ దానిని కిందికి లాగుతుంది, గాలి దాని వేగాన్ని తగ్గిస్తుంది. సైనిక రైఫిల్ నుంచి సెకనుకు 900 మీటర్ల వేగంతో వెలువడిన తూటాకు 600 మీటర్ల దూరం చేరడానికి సుమారు ఒక సెకను పడుతుంది. ఆ లోపు అది తుపాకి గొట్టం చూపిన సరళరేఖ నుంచి మనిషి ఎత్తుకు మించి కిందికి దిగుతుంది. నడుస్తున్న మనిషి ఆ సెకనులో ఒక మీటరుకు పైగా ముందుకు కదులుతాడు. కాల్చేవారు ఈ రెండింటినీ లెక్కలోకి తీసుకోవాలి.

ధ్వని కూడా అంతే. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. 600 మీటర్ల అవతల పేలిన తుపాకి మోత చెవికి చేరేసరికి తూటా ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ముందుగా తూటా దూసుకుపోయిన చిటపట, ఆ తరువాత దూరాన పేలిన మోత వినిపిస్తాయి. ఆ రెండింటి మధ్య వ్యవధిని బట్టి శత్రువు ఎంత దూరంలో ఉన్నాడో అంచనా వేయడం అనుభవజ్ఞులైన ఆటగాళ్లు నేర్చుకునే విద్య.

2001లో తొలి అడుగు

మారెక్ ష్పానెల్, ఆయన సోదరుడు ఒండ్రెయ్ తదితరులు 1999లో బొహీమియా ఇంటరాక్టివ్‌ను స్థాపించారు. వారి తొలి ఆట ‘ఆపరేషన్ ఫ్లాష్‌పాయింట్: కోల్డ్ వార్ క్రైసిస్’ 2001 జూన్‌లో వెలువడింది. బ్రిటన్‌కు చెందిన కోడ్‌మాస్టర్స్ దానిని ప్రచురించింది. కథాకాలం 1985. గోర్బచేవ్ నాయకత్వాన్ని ధిక్కరించిన ఒక సోవియట్ సైనికాధికారి కల్పిత దీవులను ఆక్రమించడం ఇతివృత్తం.

కమ్యూనిస్టు పాలన నాటి చెకోస్లొవేకియాలో పెరిగిన తరం చేతుల్లో రూపుదిద్దుకున్న ఆట కావడంతో, అందులోని పల్లెలు, పొలాలు, రోడ్లు మధ్య యూరప్ గ్రామసీమలను తలపించాయి. అప్పటి ఆటలు ఎక్కువగా ఇరుకు దారుల్లో నడిపించేవి. ఫ్లాష్‌పాయింట్ మాత్రం దీవి మొత్తాన్ని ఆటగాడికి అప్పగించింది. నడిచి వెళ్లినా, జీపులో వెళ్లినా, హెలికాప్టర్‌లో వెళ్లినా అడ్డు లేదు.

తరువాతి కాలంలో రెండు సంస్థల దారులు వేరయ్యాయి. ‘ఆపరేషన్ ఫ్లాష్‌పాయింట్’ అనే పేరు ప్రచురణకర్త వద్ద ఉండిపోయింది. దాంతో బొహీమియా తన తదుపరి ఆటకు కొత్త పేరు వెతుక్కోవలసి వచ్చింది. అలా 2006లో ‘ఆర్మా: ఆర్మ్‌డ్ అసాల్ట్’ వచ్చింది. లాటిన్ భాషలో ఆర్మా అంటే ఆయుధాలు. 2009లో ‘ఆర్మా 2’, 2013లో ‘ఆర్మా 3’ వచ్చాయి.

దీవుల వెనుక అసలు దీవులు

ఆర్మా మ్యాపులు కల్పితమైనవే అయినా వాటి మూలాలు నేల మీదే ఉన్నాయి. ఆర్మా 2లోని ‘చెర్నారస్’ భూభాగం సుమారు 225 చదరపు కిలోమీటర్లు. చెక్ రిపబ్లిక్ ఉత్తర ప్రాంతంలోని కొండలు, లోయలే దానికి ఆధారం. ఆర్మా 3లోని ‘ఆల్టిస్’ దీవి 270 చదరపు కిలోమీటర్లు. ఏజియన్ సముద్రంలో ఉన్న గ్రీకు దీవి లెమ్నోస్ దానికి మూలం.

ఈ సామ్యం ఒక దశలో న్యాయపరమైన చిక్కు తెచ్చిపెట్టింది. 2012 సెప్టెంబరులో బొహీమియా ఉద్యోగులు ఇద్దరు లెమ్నోస్‌కు వెళ్లారు. సైనిక స్థావరాలను చిత్రీకరించారన్న ఆరోపణపై గ్రీస్ అధికారులు వారిని అరెస్టు చేశారు. తుర్కియే తీరానికి దగ్గరగా ఉన్న ఆ దీవిలో గ్రీస్ సైనిక స్థావరాలు ఉన్నాయి. తమ ఉద్యోగులు విహారానికి వెళ్లారని, గూఢచర్యం చేయలేదని సంస్థ తెలిపింది. 129 రోజులు జైలులో గడిపిన తరువాత, 2013 జనవరిలో వారు బెయిలుపై విడుదలయ్యారు. అంతవరకు ‘లిమ్నోస్’ అని పిలుస్తూ వచ్చిన ఆట దీవికి ఆ తరువాతి నెలలోనే ‘ఆల్టిస్’ అని పేరు మార్చారు.

పబ్‌జీకి పుట్టిల్లు

ఆర్మా పేరు వినని భారతీయ యువతకు కూడా దాని సంతానం బాగా పరిచయం. ఈ ఆటల్లో కొత్త ఆయుధాలను, వాహనాలను, నియమాలను, చివరకు కొత్త దీవులను కూడా ఆటగాళ్లే తయారు చేసుకోవచ్చు. అలా ఆటకు జోడించే మార్పులను ‘మోడ్’లు అంటారు.

న్యూజిలాండ్ సైన్యంలో పనిచేసిన డీన్ హాల్ 2012లో ఆర్మా 2కు ‘డేజీ’ అనే మోడ్ రూపొందించారు. మహమ్మారి కబళించిన లోకంలో తిండి, నీరు, మందులు వెతుక్కుంటూ బతకడమే అందులో లక్ష్యం. ఆ మోడ్ ఆడటం కోసమే చాలామంది మూడేళ్ల కిందటి ఆర్మా 2ను కొన్నారు.

ఐర్లండ్‌కు చెందిన బ్రెండన్ గ్రీన్ ఆ పరంపరను మరో మలుపు తిప్పారు. చాలామందిని ఒక దీవిలో దించి, చివరికి ఒక్కరే మిగిలే వరకు పోరాడించే ‘బ్యాటిల్ రాయల్’ పద్ధతిని ఆయన మొదట ఆర్మా 2 ఆధారిత మోడ్‌గా, ఆ తరువాత ఆర్మా 3 మోడ్‌గా మలిచారు. దక్షిణ కొరియా సంస్థతో కలిసి 2017లో దానినే స్వతంత్రమైన ఆటగా తెచ్చారు. అదే పబ్‌జీ.

పబ్‌జీ మొబైల్ రూపం భారత్‌లో ఎంతగా వ్యాపించిందో తెలుగు ఇళ్లకు వేరుగా చెప్పనక్కరలేదు. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 118 యాప్‌లలో అదీ ఒకటి. 2021 జులైలో ‘బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా’ పేరుతో మళ్లీ వచ్చింది. 2022 జులైలో యాప్ స్టోర్ల నుంచి తొలగిపోయి, 2023 మే నెలలో తిరిగి అందుబాటులోకి వచ్చింది. ఆకాశం నుంచి దూకి, ఖాళీ ఇళ్లలో తుపాకులు వెతికే ఆ ఆటకు బీజం ఒక చెక్ యుద్ధ సిమ్యులేషన్‌లో పడింది.

మోడ్‌లు మిల్‌సిమ్‌ను మరింత గాఢం కూడా చేశాయి. గాయానికి తగిన కట్టు కట్టడం, రక్తస్రావం ఆపడం వంటి వైద్య పద్ధతులను ‘ఏస్’ అనే మోడ్ జోడించింది. కొండ అడ్డువస్తే రేడియోలో మాట సన్నగిల్లేలా చేసే మోడ్‌లూ ఉన్నాయి. వివిధ దేశాల ఆటగాళ్లు దళాలుగా ఏర్పడి, నిర్ణీత సమయానికి సమావేశమై, కమాండర్ ఆదేశాల మేరకు గంటల తరబడి ఆడతారు. ఆర్మా 3 పుష్కర కాలం పాటు నిలవడంలో ఈ బృందాల పాత్ర పెద్దది.

శిక్షణ శిబిరంలో ఆట

ఆపరేషన్ ఫ్లాష్‌పాయింట్ సాంకేతికత ఆధారంగా 2000 దశకం ఆరంభంలో ‘వర్చువల్ బ్యాటిల్‌స్పేస్’ అనే శిక్షణ సాఫ్ట్‌వేర్ రూపొందింది. దీనిని సంక్షిప్తంగా వీబీఎస్ అంటారు. అమెరికా సైన్యం, మెరైన్ దళం, బ్రిటన్, ఆస్ట్రేలియా సైన్యాలు దానిని శిక్షణలో ఉపయోగించాయి.

కాల్చడం నేర్పడం దాని ఉద్దేశం కాదు. అది ఫైరింగ్ రేంజిలో నేర్చుకునే పని. వాహన శ్రేణిలో పాటించవలసిన క్రమం, దాడి జరిగితే రేడియోలో ఇవ్వవలసిన సమాచారం, క్షతగాత్రులను తరలించే పద్ధతి వంటివి దళం మొత్తం కంప్యూటర్ల ముందు కూర్చొని సాధన చేస్తుంది. ఇంధనం, మందుగుండు ఖర్చు లేకుండా అదే అభ్యాసాన్ని పదిసార్లు చేయవచ్చు. పొరపాటు జరిగితే ఆపి చర్చించవచ్చు. వీబీఎస్ తయారీదారైన బొహీమియా ఇంటరాక్టివ్ సిమ్యులేషన్స్ వేరే సంస్థగా ఎదిగింది. 2022లో బ్రిటన్ రక్షణ రంగ సంస్థ బీఏఈ సిస్టమ్స్ దానిని కొనుగోలు చేసింది.

యుద్ధానికీ నియమాలున్నాయి

యుద్ధం ఆటగా మారినప్పుడు పౌరుల మాట ఏమిటన్న ప్రశ్న సహజం. యుద్ధ నియమాలను ఉల్లంఘిస్తే ఆటలోనూ పర్యవసానం కనిపించాలని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ గేమ్ తయారీదారులను కోరుతూ వచ్చింది. ఆ కమిటీ సహకారంతో బొహీమియా 2017 సెప్టెంబరులో ఆర్మా 3కి ‘లాస్ ఆఫ్ వార్’ అనే అనుబంధ భాగం విడుదల చేసింది.

అందులో ఆటగాడి చేతిలో ప్రధాన పరికరం తుపాకి కాదు, మందుపాతరలను గుర్తించే యంత్రం. యుద్ధం ముగిసిన గ్రామంలో పేలకుండా మిగిలిన బాంబులను ఏరివేసే మానవతా సంస్థ కార్యకర్తగా ఆడాలి. ఆ గ్రామానికి ఏం జరిగిందో క్రమంగా బయటపడుతుంది. సైనికులు, గెరిల్లాలు, పౌరులు ఒక్కొక్కరి కళ్లతో అదే చోటును చూడవలసి వస్తుంది. మందుపాతరలు, క్లస్టర్ బాంబులు యుద్ధం ముగిశాక కూడా ప్రాణాలు తీస్తాయన్న సంగతిని ఈ భాగం ఉపన్యాసం లేకుండా తెలియజేసింది. ఈ విక్రయాల ఆదాయంలో కొంత భాగంగా 1,70,000 డాలర్లకు పైగా మొత్తాన్ని సంస్థ రెడ్‌క్రాస్ కమిటీకి విరాళంగా ఇచ్చింది.

ఎందుకింత నిరీక్షణ?

ఫ్లాష్‌పాయింట్ నుంచి ఆర్మా 3 వరకు అన్ని ఆటలకూ పునాది ‘రియల్ వర్చువాలిటీ’ అనే ఇంజిన్. ఆటలోని దృశ్యం, ధ్వని, భౌతిక సూత్రాలు, పాత్రల కదలికలను నడిపించే మూల సాఫ్ట్‌వేర్‌ను ఇంజిన్ అంటారు. మార్పులు చేస్తూ వచ్చినా దాని మూలం పాతది. ఆధునిక ప్రాసెసర్లలోని అనేక కోర్‌లను అది పూర్తిగా వినియోగించుకోలేదు. పెద్ద యుద్ధాలు జరిగేటప్పుడు ఖరీదైన కంప్యూటర్లలో సైతం ఆట నెమ్మదించేది. కంప్యూటర్ నడిపే సైనికులు, వాహనాలు వింతగా ప్రవర్తించడం అభిమానుల మధ్య పాత పరిహాసం.

అందుకే సంస్థ ‘ఎన్‌ఫ్యూజన్’ అనే కొత్త ఇంజిన్‌ను అభివృద్ధి చేసింది. నేరుగా ఆర్మా 4 తీసుకురాకుండా, దానికి తొలిమెట్టుగా ‘ఆర్మా రిఫోర్జర్’ను 2022 మే 17న ప్రయోగాత్మకంగా విడుదల చేసింది. 2023 నవంబరులో దాని పూర్తి రూపం వచ్చింది. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో నాటో ఏటా నిర్వహించిన సైనిక విన్యాసాల పేరే రిఫోర్జర్. 1989 నాటి కథాకాలంతో, 51 చదరపు కిలోమీటర్ల ఎవరాన్ దీవిలో ఆట సాగుతుంది. ఇది 2001 నాటి తొలి ఆటలోని దీవే. కొత్త సాంకేతికతతో దానిని తిరిగి నిర్మించారు.

రిఫోర్జర్‌లో ఇంధనం, మందుగుండు వంటి సరఫరాలను లారీల్లో తరలించకపోతే ముందువరుస నిలవదు. అందువల్ల తుపాకి పేల్చకుండా ఆట మొత్తం లారీ నడిపే ఆటగాళ్లు కూడా జట్టుకు కీలకమవుతారు. కంప్యూటర్లకే పరిమితమైన మోడ్ సంస్కృతి ఈ ఆటతో గేమింగ్ కన్సోళ్లకూ చేరింది. ఈ అనుభవాలన్నింటినీ ఆర్మా 4లో మేళవిస్తారన్నది అభిమానుల ఆశ. విస్తారమైన భూభాగం, ఒంటరిగా ఆడేందుకు కథా భాగం, తెలివిగా ప్రవర్తించే శత్రు సైనికులు, పెద్ద యుద్ధంలోనూ తడబడని వేగం వారి కోరికల్లో ముందున్నాయి.

ఆట దృశ్యం యుద్ధ వార్తగా మారినప్పుడు

ఆర్మా వాస్తవికతకు మరో పార్శ్వం ఉంది. ఆటలో రికార్డు చేసిన క్షిపణి దాడులు, కూలిపోయే విమానాలు అసలు యుద్ధ దృశ్యాలుగా సామాజిక మాధ్యమాల్లో తిరుగుతున్నాయి. మోడ్‌ల ద్వారా దాదాపు ఏ దేశపు సైనిక దుస్తులనైనా, విమానాలనైనా ఆటలోకి తేగలగడం ఇందుకు తోడ్పడుతోంది.

2021 సెప్టెంబరులో అఫ్గానిస్తాన్‌లోని పంజ్‌షీర్ లోయపై పాకిస్తాన్ వైమానిక దాడి అంటూ భారత్‌లోని కొన్ని టీవీ చానళ్లు ఆర్మా 3 దృశ్యాలను ప్రసారం చేశాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైన తొలి రోజుల్లో రష్యా విమానాలను కూల్చిన యోధుడంటూ వ్యాపించిన వీడియో ‘డీసీఎస్ వరల్డ్’ అనే మరో సిమ్యులేషన్‌లోనిది. 2023 అక్టోబరులో ఇజ్రాయెల్, హమాస్ యుద్ధం మొదలైనప్పుడూ హెలికాప్టర్ల కూల్చివేత పేరుతో ఆర్మా 3 వీడియోలు తిరిగాయి.

2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ అనంతరం భారత్, పాకిస్తాన్ మధ్య ఘర్షణ సాగిన రోజుల్లో ఇది మన ప్రాంతానికీ చేరింది. వీడియో గేమ్ దృశ్యాలను సైనిక దాడులుగా చూపుతున్నారని పత్రికా సమాచార కార్యాలయానికి చెందిన పీఐబీ ఫ్యాక్ట్ చెక్ విభాగం హెచ్చరించింది.

సరిహద్దులకు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న తెలుగు ఊళ్లకు ఇది పరాయి విషయం కాదు. తరతరాలుగా సైన్యానికి యువకులను పంపుతూ ‘మిలిటరీ మాధవరం’గా పేరొందిన పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం వంటి గ్రామాలు ఉన్నాయి. కొడుకో, భర్తో సరిహద్దులో ఉన్న ఇంటికి ఫోన్‌లో చేరే ఒక కూల్చివేత వీడియో వినోదం కాబోదు. అది నిజమో, ఆటో తేలేవరకు ఆ ఇంట ముద్ద దిగదు.

ఎలా గుర్తించాలి?

తమ ఆట దృశ్యాలు యుద్ధ ప్రచారానికి వాడుకోవడంపై బొహీమియా 2022 నవంబరులో ఆందోళన వ్యక్తం చేసింది. ఒక వీడియోను తొలగిస్తే మరెన్నో పుట్టుకొస్తున్నాయని, అందువల్ల వార్తా సంస్థలతో, నిజ నిర్ధారణ బృందాలతో కలిసి పనిచేస్తున్నామని తెలిపింది. నకిలీని గుర్తించేందుకు అది సూచించిన లక్షణాల్లో ముఖ్యమైనవి ఇవి.

• చిత్రం నాణ్యత చాలా తక్కువగా, మసకగా ఉండటం. ఆట ఆనవాళ్లు కనిపించకుండా ఉండేందుకు కావాలనే ఇలా చేస్తారు.

• కెమెరా విపరీతంగా కదలడం, లేదా తెరను మరో ఫోన్‌తో చిత్రీకరించినట్లు ఉండటం.

• దృశ్యం రాత్రివేళదో, చీకటిదో కావడం. వెలుతురులో ఆటలోని లోపాలు సులభంగా బయటపడతాయి.

• ధ్వని లేకపోవడం. ఆట శబ్దాలకు, అసలు శబ్దాలకు తేడా తెలుస్తుంది.

• మనుషులు కదలుతూ కనిపించకపోవడం. యంత్రాల కన్నా మనిషి నడకను అనుకరించడం కష్టం.

• పొగ, ధూళి, మంట అసహజంగా ఉండటం. ఆటల్లో మేఘాలు, పేలుళ్లు చిన్న ముక్కలుగా విడిపోయినట్లు కనిపిస్తాయి.

• తెర అంచుల్లో ఆయుధం పేరు, తూటాల సంఖ్య, సూచనల వంటి ఆట గుర్తులు మిగిలి ఉండటం.

వీటిలో ఒక్కటి కనిపించినంత మాత్రాన వీడియో నకిలీదని తేల్చలేం. నిజమైన యుద్ధ దృశ్యాలూ మసకగా, కదులుతూ ఉంటాయి. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు చిత్రీకరించారో చెప్పని వీడియోను పంచుకునే ముందు విశ్వసనీయ వార్తా సంస్థలు ధ్రువీకరించాయో లేదో చూడటం ఉత్తమం. వీడియోలోని ఒక దృశ్యాన్ని ఇంటర్నెట్‌లో చిత్ర శోధన ద్వారా వెతికితే అసలు మూలం చాలాసార్లు దొరుకుతుంది. గేమ్ ఆడిన వ్యక్తే యూట్యూబ్‌లో పెట్టిన వీడియో అయితే, అది ఆట అన్న సంగతి అక్కడే రాసి ఉండటం కద్దు.

ముందున్న కాలం

ఆర్మా 3 దృశ్యాలను పొగ కదలికను బట్టి, మనుషుల నడకను బట్టి ఇప్పటికీ గుర్తించగలుగుతున్నారు. ఎన్‌ఫ్యూజన్ ఇంజిన్ మెరుగుపరచదలచినవి సరిగ్గా ఇవే. వెలుతురు, ధూళి, కదలిక మరింత సహజంగా మారితే పైన చెప్పిన గుర్తులు కొన్ని పనికిరాకుండా పోవచ్చు. ఆటగాళ్లకు అది శుభవార్త. వార్తలు ప్రసారం చేసేవారికి, వాటిని నమ్మేవారికి అదనపు బాధ్యత.

ఒక శిక్షణ సాధనానికి, ఒక రెడ్‌క్రాస్ పాఠానికి, పబ్‌జీ వంటి ప్రపంచ వ్యాప్త వినోదానికి మూలమైన ఆటల వరుస ఇది. దాని తదుపరి భాగం కోసం అభిమానులు 2027 వైపు చూస్తున్నారు. ఆ ఆట చేతికందే నాటికి, తెర మీద కనిపించిన యుద్ధం ఎక్కడిదని ఒక్క క్షణం ఆగి ప్రశ్నించే అలవాటు ప్రేక్షకులకూ, ప్రసార మాధ్యమాలకూ అలవడవలసి ఉంది.